ఇసుర్రాయి కప్పల బతుకు పత్రం

తుంగల్‌పేట పురపాలక సంఘం పద్నాలుగో వార్డు చివర ఊడుగుల కుంట ఉంది. ఒక సోమవారం పొద్దున దాని తూము గోడ మీద నోటీసు వెలిసింది. "శ్రీ లేక శ్రీమతి ఇసుర్రాయి కప్ప మరియు కుటుంబ సభ్యులకు తెలియజేయునది" అని మొదలైంది ఆ నోటీసు. తాము బతికి ఉన్నట్టు తగు రుజువులతో నవంబరు ముప్పైలోగా ఉభయచర సంక్షేమ శాఖ కార్యాలయంలో స్వయంగా హాజరు కావాలనీ, లేనిచో మరణించినట్టు భావించి లబ్ధి రద్దు చేయబడుననీ దాని సారాంశం.

నోటీసు తెచ్చిన ఉద్యోగి పద్ధతి గల మనిషి. చిరునామాదారు ఇంట్లో లేకపోతే తలుపుకు అంటించి, ఇరుగుపొరుగు వాళ్లలో ఇద్దరి చేత సాక్షి సంతకాలు పెట్టించాలని అతనికి శిక్షణలో చెప్పారు. కుంటకు ఇరుగూ పొరుగూ రెండూ నీరటి ఓదెలే. అందుకని రెండు గీతల మీదా అతని చేతే సంతకం చేయించుకుని, కాస్త మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు.

నీరటి అంటే తూము తీసి పొలాలకు నీళ్లు వదిలే మనిషి. ఓదెలు తాత, తండ్రి, ఓదెలు ముగ్గురూ అదే పని చేశారు. ఊడుగుల కుంట కింద పొలాలన్నీ ప్లాట్లయ్యాక నీళ్లు అడిగేవాడు లేకుండా పోయాడు. అయినా ఓదెలు రోజూ పొద్దున్నే తువ్వాల భుజాన వేసుకుని కట్ట మీదికి వెళ్తాడు. ఎందుకు వెళ్తున్నావని భార్య సమ్మవ్వ ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు.

ఇక ఈ ఇసుర్రాయి కప్ప అరచేతిలో పట్టేంత గుండ్రటి జీవి. ఏడాదిలో పది నెలలు మూరెడు లోతు మట్టిలో పడుకుని ఉంటుంది. జూన్‌లో మిరుగం కార్తె మొదటి వాన గట్టిగా పడగానే పైకొస్తుంది, జత కడుతుంది, గుడ్లు పెడుతుంది, నాలుగు పురుగులు తిని మళ్లీ మట్టిలోకి పోతుంది. అది అరిస్తే ఇసుర్రాయిలో జొన్నలు ఇసురుతున్నట్టు ఉంటుంది. అందుకే దానికి ఆ పేరు. ఓదెలు తల్లి తెల్లారకముందే లేచి ఇసిరేది. ఆమె పోయి ఇరవై ఏళ్లయింది. ఏడాదికి ఒకసారి మిరుగం వాన నాడు కట్ట మీద కూర్చుంటే ఓదెలుకు ఆ చప్పుడు మళ్లీ వినబడుతుంది. ఆ ఒక్క రోజు కోసం అతను మిగతా ఏడాదంతా ఎదురుచూస్తాడు.

ఒకప్పుడు తుంగల్‌పేటలో ఇలాంటి కుంటలు ఏడు ఉండేవి. ఒకటి బస్టాండు అయింది. ఒకటి కూరగాయల మార్కెట్టు అయింది. మూడింటి మీద కాలనీలు లేచాయి. కప్పలు అంతరించిపోతున్నాయని పత్రికల్లో రాగానే ప్రభుత్వం కదిలిపోయి, వాటి కోసం ప్రత్యేకంగా ఉభయచర సంక్షేమ శాఖను స్థాపించింది. శాఖకు కార్యాలయం కావాలి కనక ఆరో కుంట పూడ్చి అక్కడ మూడంతస్తుల భవనం కట్టారు. మిగిలిన ఏడోదాన్ని ఇసుర్రాయి కప్పలకు శాశ్వత నివాసంగా ప్రకటించారు. ఆ లబ్ధే ఇప్పుడు రద్దవబోతోంది.

ఓదెలు నోటీసును జాగ్రత్తగా ఊడదీసి, మడిచి జేబులో పెట్టుకుని ఆఫీసుకు నడిచాడు.

డిప్యూటీ డైరెక్టర్ వామనమూర్తి గారు నియమం అంటే ప్రాణం పెట్టే మనిషి. ఆయన బల్ల మీద అద్దం కింద ఒక దేవుడి పటం, దాని పక్కన సెలవుల జాబితా ఉంటాయి. నోటీసు చూసి ఆయన సంతోషించారు.

"అందిందన్నమాట. చాలా మంచిది. వారిని ఎప్పుడు హాజరు పరుస్తావు?"

"సారు, గవి ఇప్పుడు పండుకున్నయి," అన్నాడు ఓదెలు. "మిరుగం వాన పడ్డంకనే లేస్తయి."

"మిరుగం ఎప్పుడు?"

"జూన్‌ల సారు."

వామనమూర్తి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "చూడు ఓదెలూ. ప్రభుత్వం నుంచి ఏ లబ్ధి పొందేవారైనా సరే, ఏటా నవంబరు మాసంలో తాము జీవించి ఉన్నట్టు నిరూపించుకోవాలని ఈ ఏడాదే సర్క్యులర్ వచ్చింది. మంచాన పడినవారికి మినహాయింపు ఉంది. విదేశాల్లో ఉన్నవారికి మినహాయింపు ఉంది. కప్పలకు మినహాయింపు ఉన్నదని ఎక్కడా లేదు. నేను నాలుగుసార్లు చదివాను."

"లేవు అంటలేను సారు. ఉన్నయి. నిద్రల ఉన్నయి."

"నిద్ర అనే గడి ప్రొఫార్మాలో లేదు. జీవించి ఉన్నవారు, మరణించినవారు, వలస వెళ్లినవారు. మూడే గడులు. నాలుగో గడి తెరిచే అధికారం నా స్థాయిలో లేదు."

పక్క బల్ల దగ్గర జూనియర్ అసిస్టెంట్ ఇందుమతి తలెత్తింది. "సార్, రిమార్కుల గడిల రాద్దామా సార్, నిద్రల ఉన్నయని?"

"రిమార్కుల గడి అధికారుల అభిప్రాయాల కోసమమ్మా. లబ్ధిదారుల అలవాట్ల కోసం కాదు."

ఒకవేళ రాకపోతే ఏమవుతుందని ఓదెలు అడిగాడు. ఏమీ కాదని వామనమూర్తి గారు ధైర్యం చెప్పారు. అవి మరణించినట్టు రాసుకుంటారు, నివాసం ఖాళీ అయినట్టు పురపాలక సంఘానికి తెలియజేస్తారు, అక్కడ ఒక కన్వెన్షన్ సెంటర్ కట్టాలన్న ప్రతిపాదన మూడేళ్లుగా సిద్ధంగా ఉంది, అంతే.

మర్నాడు ఓదెలు కుంట పడమటి ఒడ్డున మెల్లగా తవ్వి, ఒక కప్పను దాని చుట్టూ ఉన్న మట్టిముద్దతో సహా తీశాడు. తడిబట్ట చుట్టి, గిన్నెలో పెట్టుకుని ఆఫీసుకు తెచ్చాడు. ఒక్కటైనా బతికి ఉందని చూపిస్తే సార్లకు నమ్మకం కలుగుతుందని అతని ఆశ.

వేలిముద్రల యంత్రం ముందు గిన్నె పెట్టారు. యంత్రం పది వేళ్లు అడిగింది. ఇసుర్రాయి కప్పకు ముందుకాళ్లకు నాలుగేసి వేళ్లే.

"బొటనవేళ్లు ఏవి?" అన్నారు వామనమూర్తి గారు.

"కప్పకు ఉండయి సారు."

"పుట్టుకతోనా, ప్రమాదంలోనా? పుట్టుకతో అయితే వైద్య ధ్రువపత్రం జత చేయాలి. వైకల్యం ఎంత శాతమో అందులో స్పష్టంగా ఉండాలి."

వేళ్లు కుదరకపోతే కంటిపాప చాలన్నారు. ఇందుమతి యంత్రాన్ని కప్ప ముఖం దగ్గర పట్టుకుని, "కండ్లు తెరువు తల్లీ, ఒక్కసారి తెరువు," అని బతిమాలింది. చాలాసేపటికి కప్ప ఒక కన్ను తెరిచి వామనమూర్తి గారిని ఎగాదిగా చూసి మళ్లీ మూసుకుంది. ఆ కాస్త సందులోనే యంత్రం కీచుమంది. ఈ వ్యక్తి తొమ్మిదో వార్డులో ఇదివరకే వృద్ధాప్య పింఛను పొందుతున్నారని తెర మీద వచ్చింది. రెండు లబ్ధులు పొందడం నేరం కనక తొమ్మిదో వార్డు రామలక్ష్మమ్మ పింఛను ఆ మధ్యాహ్నమే నిలిచిపోయింది. తాను కప్పను కానని ఇద్దరు గెజిటెడ్ అధికారుల చేత రాయించుకురావడానికి ఆ ముసలమ్మకు ఆరు వారాలు పట్టింది.

ఓదెలు కప్పను తీసుకెళ్లి, తీసిన చోటే, తీసిన లోతులోనే పెట్టి మట్టి కప్పాడు. దాని నిద్ర చెడగొట్టినందుకు అతనికి సిగ్గనిపించింది.

నవంబరు మూడో వారంలో వామనమూర్తి గారే స్వయంగా కుంట దగ్గరికి వచ్చారు. ఆయన ముఖం వెలిగిపోతోంది. దారి దొరికిందట.

"వారు వర్షం పడితే లేస్తారు. అంతేగా? వర్షం మనమే కురిపిద్దాం! ఇరవై ఎనిమిదో తేదీ ఉదయం పదకొండు గంటలకు అగ్నిమాపక శకటం వస్తుంది. కార్యక్రమానికి వరుణ సంకల్పం అని పేరు కూడా పెట్టాను. రాజధాని నుంచి శబ్ద గణన నిపుణుడు వస్తున్నాడు. కప్పల అరుపులు విని, ఎన్ని ఉన్నాయో యంత్రంతో లెక్క తేలుస్తాడు. వేళ్లు, కళ్లు ఏవీ అక్కర్లేదు."

ఓదెలు చేతులు జోడించాడు. "వద్దు సారు. ఇప్పుడు లేపితే సచ్చిపోతయి. నిజం వాన అనుకోని అన్ని పైకొస్తయి, గుడ్లు వెడ్తయి. ఫైరింజను నీళ్లు ఎంతసేపుంటయి సారు? రెండు దినాలల్ల ఎండుతయి. గుడ్లు ఎండుతయి. మల్ల లోపలికి పోదామంటే నేల గట్టివడ్తది. ఒక్కటి సుత మిగలది."

"ఎన్ని రోజుల్లో మరణిస్తాయంటావు?"

"నాలుగైదు దినాలు సారు."

వామనమూర్తి గారు వేళ్ల మీద లెక్క వేశారు. "ఇరవై ఎనిమిదిన లేస్తే రెండో తేదీ, మూడో తేదీ. అంటే డిసెంబరు. ఓదెలూ, ఇది నవంబరులో జీవించి ఉన్నట్టు ఇచ్చే పత్రం. డిసెంబరులో వారి ఆరోగ్యం ఈ ఫైలు పరిధిలోకి రాదు."

ఆ రోజు ఓదెలు మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. కప్పలు లేవకపోతే కుంట పోతుంది, కుంట పోతే కప్పలు పోతాయి. లేస్తే కుంట ఉంటుంది గానీ కప్పలు ఉండవు. ఎటు తిరిగినా అవే పోతున్నాయి. ఇంత పెద్ద ప్రభుత్వం ఇంత చిన్న జీవిని కాపాడాలని ఎందుకు పట్టుబట్టిందో అతనికి అర్థం కాలేదు. కోపం కూడా వచ్చింది గానీ, ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియలేదు. వామనమూర్తి గారు చెడ్డ మనిషి కాదు, అదే చిక్కు.

సమ్మవ్వ వసారాలో కూర్చుని కందులు ఇసురుతోంది. ఆ ఇసుర్రాయి అత్తగారిది. మిల్లు పప్పు తినలేనని సమ్మవ్వ ఇంకా దాన్ని వదల్లేదు. ఓదెలు గోడకు ఆనుకుని జరిగిందంతా చెప్పాడు. ఆమె రాయి తిప్పుతూనే వింది.

"గా లెక్క వెట్టే సారు కప్పలను సూస్తడా, సప్పుడు ఇంటడా?" అని అడిగింది.

"సప్పుడు ఇని లెక్క వెడ్తడట."

సమ్మవ్వ రాయి ఆపింది. "మరి మీ అమ్మ ఇసిరినట్టే ఉంటదని ఏడాదికోసారి నా పానం తీస్తవు గదా కట్ట మీద కూసోని. ఆయినను సుత గదే సప్పుడు ఇననియ్యి."

ఓదెలు ఆమె వైపు చూశాడు. తర్వాత ఇసుర్రాయి వైపు చూశాడు. ఆ తర్వాత లేచి అన్నం పెట్టించుకుని, రెండోసారి కూడా పప్పు వేయించుకుని తిన్నాడు.

పద్నాలుగో వార్డులో అటకల మీదా, పెరళ్లలో చెత్త కిందా పడి ఉన్న ఇసుర్రాళ్లు పదకొండు బయటపడ్డాయి. వాటిని తిప్పడం మరిచిపోని చేతులు కూడా పదకొండు జతలు దొరికాయి. ఇరవై ఎనిమిదో తేదీ పొద్దున్నే రెండు ఆటోల్లో రాళ్లు, వాటి వెనక ఆడవాళ్లు వచ్చి, కట్ట వెనక ఎండిపోయిన తూము కాలువలో బారుగా కూర్చున్నారు. నవ్వొస్తే కొంగు నోట్లో కుక్కుకోవాలని సమ్మవ్వ అందరికీ గట్టిగా చెప్పింది.

పదకొండు గంటలకు టెంటు, పూలదండలు, బ్యానరు, అగ్నిమాపక శకటం అన్నీ సిద్ధమయ్యాయి. కప్పలు ఎక్కడున్నాయని అడిగితే ఓదెలు తూర్పు వైపు చూపించాడు. అక్కడ అంతా చట్టు రాయి, మట్టి బెత్తెడు కూడా లేదు. కప్పలు పడుకున్నది పడమటి ఒడ్డున. సైరను మోగింది, నీళ్లు ఆకాశంలోకి లేచి చట్టు మీద పడ్డాయి. వామనమూర్తి గారు గొడుగు తెరిచారు. ఓదెలు తువ్వాల దులిపి భుజం మార్చుకున్నాడు. అదే గుర్తు.

కట్ట వెనక నుంచి గర్ర్, గర్ర్ అని ఒకటి మొదలైంది. దానికి ఇంకొకటి కలిసింది. చూస్తుండగానే పదకొండు రాళ్లూ అందుకున్నాయి, కుంటంతా ఆ చప్పుడుతో నిండిపోయింది. ఇది మనమే చేస్తున్న మోసమని తెలిసి కూడా ఓదెలు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఆహా!" అన్నారు వామనమూర్తి గారు. ఆయన కళ్లు కూడా చెమర్చాయి. ఏడేళ్లుగా ఆ శాఖలో పని చేస్తున్నా కప్ప అరుపు ఆయన వినడం అదే మొదలు.

శబ్ద గణన నిపుణుడు యంత్రం చూసుకుంటూ, "ఇంత అరుస్తున్నాయి, ఒక్కటీ కనబడదేం?" అన్నాడు.

"సిగ్గు సారు," అన్నాడు ఓదెలు. "పెద్దోళ్లు వచ్చిన్రు గదా."

"మర్యాద తెలిసినవారు," అని వామనమూర్తి గారు మెచ్చుకున్నారు.

సరిగ్గా అప్పుడే కాలువలో ఒకామె గొంతులో పిండి పడి ఖళ్లున దగ్గింది. నిపుణుడు చెవి రిక్కించాడు. వామనమూర్తి గారు మాత్రం తొణక్కుండా ఇందుమతి వైపు తిరిగారు. "రాసుకో అమ్మా. కొందరు లబ్ధిదారులు శ్వాసకోశ సమస్యలతో బాధపడుచున్నారు. త్వరలో ఒక వైద్య శిబిరం నిర్వహించవలెను." ఇందుమతి రాసుకుంది. రాస్తూ ఓరకంట కట్ట వైపు చూసి, పెదవి కొరుక్కుని మళ్లీ కాగితంలోకి తల దించేసింది.

యంత్రం లెక్క తేల్చింది. నాలుగు వేల నూట పన్నెండు కప్పలు, అన్నీ సజీవులే.

రెండు వారాలు ఓదెలు గాలిలో తేలాడు. శాఖవారు అతన్ని పిలిచి శాలువా కప్పారు. సమ్మవ్వ శాలువా అంచు పట్టి చూసి, చలికాలం వెళ్లిపోతుంది ఫరవాలేదంది. కుంట దక్కింది, కప్పలు పడమటి ఒడ్డున హాయిగా నిద్రపోతున్నాయి. ఇక మిరుగం వచ్చేదాకా చింత లేదనుకున్నాడు.

డిసెంబరు పదిహేనున రెండో నోటీసు వచ్చింది. ఈసారి అది అభినందన పత్రం.

అంతరించిపోతున్న జీవులకే నివాస లబ్ధి వర్తిస్తుందనీ, ఐదు వందలలోపు ఉన్నవారినే అంతరించిపోతున్నవారుగా పరిగణిస్తారనీ, ఇసుర్రాయి కప్పలు నాలుగు వేలు దాటి రేఖకు ఎగువన ఉన్నందున, స్వయంకృషితో అభివృద్ధి చెందిన వారిని శాఖ మనసారా అభినందిస్తూ వారి లబ్ధిని ఉపసంహరిస్తున్నదనీ అందులో ఉంది. కుంటను పురపాలక సంఘానికి అప్పగించేశారు.

ఓదెలు అదంతా రెండుసార్లు కూడబలుక్కుని చదివాడు. తర్వాత ఇంట్లోకి వెళ్లి ఇసుర్రాయి పైరాయీ కిందరాయీ గోనెసంచిలో వేసి భుజాన ఎత్తుకున్నాడు. ఆఫీసులో వామనమూర్తి గారి బల్ల మీద, సరిగ్గా దేవుడి పటం పైన, సంచి దించాడు. అద్దం పగల్లేదు గానీ ఓ గీత పడింది.

"సారు, ఆ దినం అరిసింది కప్పలు కావు. ఇదీ. మా ఆడోళ్లు కట్ట ఎనుక కూసోని ఇసిరిన్రు. తప్పు నాదే. నన్ను జైల్ల వెట్టుండ్రి. కుంట మాత్రం ముట్టకుండ్రి సారు."

నమ్మకపోతారేమోనని రెండు రాళ్లూ కలిపి, జేబులోంచి గుప్పెడు కందులు పోసి తిప్పి కూడా చూపించాడు. గర్ర్, గర్ర్ అని గదంతా నిండింది. అటెండరు తలుపు తీసి లోపలికి చూశాడు.

వామనమూర్తి గారు అటెండరును వెళ్లమని సైగ చేశారు. "ఓదెలూ," అన్నారు ఎంతో మెత్తగా. "నీ నిజాయితీ నాకు నచ్చింది. కానీ యంత్రం ధ్రువీకరించిన కప్పలను నేను ఎట్లా కాదంటాను? పై అధికారులు సంతకాలు చేశారు. ఆ నాలుగు వేల నూట పన్నెండు మందీ రికార్డుకు ఎక్కారు. వారు ఇప్పుడు లేరంటే వారందరినీ నేను చంపినట్టు అవుతుంది."

"మరి అసలు కప్పల సంగతేంది సారు?"

"అసలు కప్పలు రికార్డులో ఉన్నవే."

అయితే ఓదెలు చెప్పిన దాన్ని ఆయన గాలికి వదిలేయలేదు. కందిపప్పు బల్ల మీదినుంచి తుడిచి, ఫైలు తెప్పించుకుని తన చేత్తో ఒక నోట్ రాశారు: "సదరు కుంట పరిసరాలలోని మహిళలకు ఇసుర్రాళ్లతో కప్పల వలె శబ్దము చేయు అలవాటు కలదని విశ్వసనీయముగా తెలియవచ్చినది. ఇకమీదట అట్టి శబ్దము ఆ ప్రాంతమున వినబడినచో, దానిని మానవ శబ్దముగానే పరిగణించవలెను."

కనీసం కప్పల్ని తవ్వి తీసి ఇంకో చోటికి మార్చుకుంటానని ఓదెలు దరఖాస్తు పెట్టాడు. మంచి ఆలోచనేనన్నారు. నాలుగు వేల నూట పన్నెండు మంది పేర్లు, తండ్రి పేర్లు, వయసులతో జాబితా జత చేయమన్నారు. చెప్పకుండా తవ్వుకుందామని వెళ్తే కుంట చుట్టూ అప్పటికే రేకుల కంచె పడింది, గేటు దగ్గర కాపలా మనిషి ఉన్నాడు. ఫిబ్రవరిలో పడమటి ఒడ్డు చదును చేసి పార్కింగ్ కోసం సిమెంటు పలకలు పరిచారు. ఓదెలు కంచె సందుల్లోంచి అదంతా చూశాడు. ఆ రోజుల్లో సమ్మవ్వ ఇసరడం మానేసింది, మిల్లు పప్పే వండింది.

కన్వెన్షన్ సెంటరుకు మండూక మహల్ అని పేరు పెట్టారు. కుంటలో ఉండి వెళ్లిన వారి పట్ల కృతజ్ఞత చూపాలని ఉభయచర సంక్షేమ శాఖ పట్టుబట్టి సాధించిన పేరు అది. గేటు దగ్గర రెండంతస్తుల ఎత్తున పచ్చటి ఫైబరు కప్పను నిలబెట్టారు. దాని నోట్లో స్పీకరు ఉంది. గంటకోసారి కప్ప అరుస్తుంది. అరుపు అసలు సిసలుదే కావాలని, నవంబరులో నిపుణుడు రికార్డు చేసి ధ్రువీకరించిన శబ్దాన్నే అందులో పెట్టారు. జాగ్రత్తగా వింటే నడుమ ఒక దగ్గు కూడా వినబడుతుంది.

ప్రారంభోత్సవానికి ముహూర్తం జూన్‌లో కుదిరింది, మధ్యాహ్నం మూడు గంటలకు. అది మిరుగం రోజని ఎవరూ పట్టించుకోలేదు. ఓదెలు పట్టించుకున్నాడు. తూము తీసేటప్పుడు వాడే గడ్డపార చేతికర్రలా పట్టుకుని, సమ్మవ్వతోనూ ఆ పదిమంది ఆడవాళ్లతోనూ కలిసి, జనం వెనక పార్కింగ్ అంచున నిలబడ్డాడు. ఎందుకు వచ్చాడో అతనికీ తెలియదు. ఏటా ఈ రోజు ఇక్కడే ఉంటాడు, అంతే.

వేదిక మీద ముఖ్య అతిథి ప్రకృతి గురించి మాట్లాడుతున్నారు. పడమర నుంచి మబ్బు కమ్మింది. నాలుగు పెద్ద చినుకులు పడి, వెంటనే వాన అందుకుంది. జనం కుర్చీలు నెత్తిన పెట్టుకున్నారు. నాలుగు గంటలు కొట్టింది, గేటు దగ్గర ఫైబరు కప్ప నోరు తెరిచి గర్ర్, గర్ర్ అంది.

పలకల కింద నుంచి జవాబు వచ్చింది.

మొదట ఒకటి. తర్వాత ఆ మూల నుంచి ఒకటి. ఆ తర్వాత నిలిపి ఉంచిన కార్ల కింద, పూలకుండీల కింద, ముఖ్య అతిథి కారు కింద అన్నిచోట్లా లేచింది. ఓదెలు అరికాళ్లకు పలకలు అదురుతున్నట్టు తెలిసింది. అతను చేతిలోని గడ్డపారను గట్టిగా పట్టుకున్నాడు.

"స్పీకర్లు కింద కూడా పెట్టారా? బ్రహ్మాండంగా ఉంది," అన్నారు ముఖ్య అతిథి మైకులో. కానీ ఆ చప్పుడు ఆగలేదు. ఆయన ప్రసంగం ఎవరికీ వినబడకుండా పోయింది. వామనమూర్తి గారు గొడుగు వేసుకుని, తడుస్తూ, పరుగు లాంటి నడకతో ఓదెలు దగ్గరికి వచ్చారు.

"ఓదెలూ! ఇది ప్రభుత్వ కార్యక్రమం. మీ ఆడవాళ్లను ఆపమను. ఇసుర్రాళ్ల సంగతి ఫైల్లో స్పష్టంగా రాసి ఉంచాను. నన్ను మళ్లీ మోసం చేయలేవు."

సమ్మవ్వ రెండు చేతులూ చాపి చూపించింది. ఆమె పక్కన ఉన్న పదిమందీ చాపారు. పదకొండు జతల చేతులూ వానలో ఖాళీగా ఉన్నాయి. వామనమూర్తి గారు వాటిని ఒక్కొక్కటిగా చూశారు. తర్వాత తన బూట్ల కింది పలకను చూశారు. ఆయన ముఖంలో ఒక్క క్షణం ఏదో కదిలింది. ఆ క్షణంలో ఆయన ఏదైనా చేస్తారేమోనని ఓదెలు ఆశపడ్డాడు.

"అవే సారు. లేసినయి," అన్నాడు ఓదెలు. "మీరు రమ్మన్నరు గదా. వచ్చినయి. హాజరు వేసుకోండ్రి."

వామనమూర్తి గారు గొడుగు సర్దుకున్నారు. "గడువు నవంబరు ముప్పైతోనే ముగిసింది," అన్నారు, గొంతు తగ్గించి. "ఇప్పుడొస్తే నేనేం చేయను? వచ్చే నవంబరులో రమ్మని చెప్పు."

ఆయన వెనక్కి తిరిగి వేదిక వైపు నడిచారు. కాళ్ల కింద చప్పుడు మాత్రం అలాగే ఉంది, కొన్నిచోట్ల మాత్రం కప్పల గొంతు అప్పుడే సన్నగిల్లుతోంది. పైకి దారి లేదు, కిందికి నీళ్లు దిగుతున్నాయి. తాత, తండ్రి, తాను ముగ్గురూ బతుకంతా చేసింది ఒక్కటే పని, మూసుకున్నది తీయడం. ఆ పనికి ఎవరి సంతకమూ ఎప్పుడూ అడగలేదని ఓదెలుకు అప్పుడే గుర్తొచ్చింది.

అతను పలకల సందులో గడ్డపార దూర్చి బలంగా నొక్కాడు. కాపలా మనిషి అరుస్తూ వచ్చాడు గానీ, పదకొండు మంది ఆడవాళ్లు చుట్టూ గోడ కట్టి నిలబడ్డారు. మొదటి పలక కీచుమంటూ లేచి పక్కకు పడింది. కింద తడి మట్టి మెదిలింది. గుండ్రటి వీపొకటి మట్టిని తోసుకుంటూ పైకొచ్చి, ఊడిన పలక మీదికెక్కి, ఒళ్లు దులుపుకుని గొంతు ఉబ్బించి గర్ర్ మంది.

"అత్తమ్మ," అంది సమ్మవ్వ నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ.

ఓదెలు తలెత్తలేదు. రెండో పలక సందులో గడ్డపార పెట్టాడు.